కోర్టు మీద మిరపకాయలు

మా ఆవిడ విసిరిన టెన్నికాయిట్ రింగు ఒకసారి పక్క వీధిలో నిలబడ్డ గేదె కొమ్ముకు పడింది. ఆ గేదె రింగును గాజులా వేసుకుని ఊరంతా తిరిగింది. అది చూసి మిగతా గేదెలు అలిగి పాలివ్వడం మానేశాయి. నమ్మకపోతే మీ ఇష్టం. రింగు కొమ్ముకు పడిందన్నంతవరకు మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

బళ్ళో చదివే రోజుల్లో ఆడిన ఆటను ఆమె నలభై దాటాక మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రమయ్యేసరికి పాస్టరమ్మ గారు, గుళ్ళో అయ్యవారి కోడలు, ఇంకా నలుగురైదుగురు మా వీధిలో చేరేవారు. ముగ్గుపిండితో గీతలు గీసి, కరెంటు స్తంభానికీ మా గేటుకీ మధ్య బట్టలారేసుకునే తాడు కట్టి ఆడేవారు. స్కూటరు వస్తే తాడు ఎత్తాలి. ట్రాక్టరు వస్తే ఆట ఆపాలి. రింగు మురుక్కాలవలో పడితే ఎవరు తీయాలన్న దాని మీద ఆటకంటే ఎక్కువసేపు వాదన నడిచేది.

కాలనీ చివర ఒక ఖాళీ స్థలం ఉంది. లేఅవుటు వేసిన రోజునే అది పార్కుకని వదిలారు. అప్పటినుంచి అందులో సర్కారు తుమ్మ తప్ప మరేమీ పెరగలేదు. అది దాటితే మిరప చేలు. అక్కడ ఒక కోర్టు, దానికి రెండు దీపాలు. మా ఆవిడ అడిగేదల్లా అంతే.

పోయిన శీతాకాలంలో ఊరి పార్కుల గురించి వార్డు మీటింగు పెట్టారు. నగరం పెరుగుతోంది, రాబోయే రోజుల్లో ఎక్కడ పార్కులుండాలి, ఎక్కడ ఆటస్థలాలుండాలి, డబ్బు ఎక్కడినుంచి తేవాలి అని ప్లాను రాస్తున్నారట. ముందు విడతలో కొన్ని స్థలాలే తీసుకుంటారు. వాడకం లేని స్థలాలను వేరే పనులకు ఇచ్చేస్తారు. ఆ మాట విన్నాక మా ఆవిడ కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది.

జనం మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. ఒకాయన చీమకుర్తి గ్రానైటు బెంచీలు కావాలన్నాడు. ఇంకొకాయన ఫౌంటెను అడిగాడు. వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి, "ఈ పార్కులన్నీ ఎందుకండీ, ఆదివారం కొత్తపట్నం పోతే సముద్రమే ఉంది గదా" అన్నాడు. ప్లాను రాస్తున్న ఇంజనీరు మేడమ్ చిన్న వయసు మనిషి. అందరివీ ఓపిగ్గా విని ఒక్కటే అడిగింది.

"కట్టడానికి ఎక్కడో చోట నిధులు తెస్తామండి. కట్టాక మొక్కలకి నీళ్ళు పోసే మనిషికి, కరెంటు బిల్లుకి ఎవరిస్తారు? అది చెప్పినవాళ్ళ స్థలం ముందు రాసుకుంటాను."

బెంచీలడిగినాయన, ఫౌంటెనడిగినాయన చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. మీటింగు అలా ముగిసిపోవడం నాకు పడదు. లేచి, మా కాలనీలో వీధికొక టెన్నికాయిట్ జట్టు ఉందనీ, మామ్మల జట్టు వేరే ఉందనీ, పోటీలకు పిలుపులొస్తున్నా కోర్టు లేక సాధనకు నోచుకోవడం లేదనీ చెప్పాను. మా ఆవిడ నా తొడ మీద గిల్లింది. అప్పటికి మామ్మల జట్టు జిల్లా ఫైనల్సులో ఉంది కాబట్టి ఆపడం నా వల్ల కాలేదు.

"అయితే చూడాలండీ. గురువారం వస్తాను" అంది మేడమ్.

ఇంటికొచ్చాక మా ఆవిడ గేటు తీస్తూ, "గురువారం మీరు నోరు తెరిచారంటే ఆ మామ్మల జట్టులో మీరే ఆడాల్సొస్తుంది" అంది.

బుధవారం మధ్యాహ్నం నుంచే ఆడవాళ్ళందరూ పలుగూ పారా పట్టారు. తుమ్మ కొట్టాం (కొట్టాం అంటే నేను నీళ్ళు అందించాను). నేల చదును చేశారు. నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టారు. దుమ్ము లేవకుండా పేడతో కళ్ళాపి చల్లారు. చీకటి పడేలోగా రెండు కర్రలు పాతి, ముగ్గుపిండితో కోర్టు గీతలు గీశారు. సంతోషం పట్టలేక అయ్యవారి కోడలు నాలుగు మూలలా నాలుగు పువ్వులు కూడా వేసింది. ఆ నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు.

తెల్లారి వెళ్ళి చూస్తే కోర్టు ఎర్రగా ఉంది.

ఒక పక్క గీతనుంచి నడిమి కర్రల దాకా మిరపకాయలు. ఒక కర్రకు అన్నం క్యారియరు వేలాడుతోంది. కాయల మధ్య కాళ్ళీడ్చుకుంటూ, వాటిని అటూ ఇటూ తిరగేస్తూ పక్క చేను రైతు తిరుగుతున్నాడు. మా ఆవిడకు వరసకు బాబాయి అవుతాడు.

"ఇదేంటి బాబాయ్, ఇక్కడ పోశావ్?"

"కాయలారబోసే కల్లం గదమ్మా. నిన్న మా వాళ్ళకి చేను దగ్గర్లోనే కల్లం చేసి పెట్టమని చెప్పి చీరాల పెళ్ళికి పోయా. వచ్చి చూస్తే ఎంత బాగా చేశారనుకున్నావ్. కళ్ళాపి చల్లి, ముగ్గులు కూడా పెట్టారు. ఈ ఏడు మనవాళ్ళకి బుద్ధొచ్చిందిరా అనుకున్నా."

"ఆ ముగ్గులు మావి. ఆ కల్లం మాది. అసలది కల్లం కాదు, కోర్టు."

"కోర్టుకి కళ్ళాపి ఎందుకమ్మా?"

మిరప కోతల కాలంలో చదును చేసి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టిన నేల కనబడితే మా వైపు ఏ రైతైనా కాయలే పోస్తాడు. తప్పు ఎవరిదని చెప్పాలి?

"ఎత్తెయ్ బాబాయ్, ఇంకాసేపట్లో మేడమ్ వస్తుంది."

"పచ్చి ఆరలేదే. ఇప్పుడు కుప్పేస్తే బూజు పట్టి తాలైపోతయ్. నీ కడుపు చల్లగుండా, కాయ మీద చెయ్యెయ్యకు."

ఇద్దరూ కాయలకు చెరోవైపు నిలబడి ఊరంతా వినేలా మాట్లాడుకుంటుండగా జీపు వచ్చి ఆగింది. మేడమ్ దిగుతూనే తుమ్మింది. రెండో అడుగుకి మళ్ళీ తుమ్మింది. మూడో తుమ్ముకి జీపు అద్దం బీటలిచ్చింది. సరే, ఇవ్వలేదు, కానీ ఇచ్చి ఉండాల్సింది.

"జట్లు ఏవండీ?" అంది ముక్కు తుడుచుకుంటూ.

నేను నోరు తెరవకూడదు గనక, కాయల్లో కాళ్ళీడుస్తున్న బాబాయిని చేత్తో చూపించాను. అది వాకింగ్ ట్రాక్ అని ఆమే అనుకుంటే నాదేం పోయింది. ఆమె అలా అనుకోలేదు. మా ఆవిడ కూడా ఆమెను పట్టించుకునే స్థితిలో లేదు.

"ఊరికే పోసుకోడానికి ఇదేమన్నా నీ అత్తగారి వాకిలా బాబాయ్?"

"ఊరికే ఎందుకూ? రోడ్డవతల వెంచరోళ్ళకి ఏటా ప్లాట్లకి అద్దె కట్టి మరీ పోస్తన్నా. నేనొక్కణ్ణేనా, మా ఊరోళ్ళందరూ అంతే. అయినదానివి నువ్వు మాత్రం ఎత్తెయ్ అంటన్నావ్."

"అయితే ఆ అద్దె మాకియ్యి."

"వాళ్ళకిచ్చేది నీకిస్తే నాకు పోయేదేముంది? అల్లుడూ, నువ్వే సాక్షి."

జీవితంలో మొదటిసారి నన్ను సాక్షిగా నమ్మినవాడు ఆయనే. నేను తలూపేలోగా మేడమ్ తుమ్మడం మర్చిపోయి దగ్గరికొచ్చింది.

"ఏటా ఇస్తారా?"

"కోతలున్నన్నాళ్ళూ ఇస్తాం తల్లీ. ఎండ తగిలే నేల కావాలి గానీ."

"ఒక వైపే పోసుకుంటారా? రెండో వైపు వీళ్ళు ఆడుకోవాలి."

"ఆడుకోనీ. రింగు కాయల్లో పడితే మటుకు నేనే తీసిస్తా. వీళ్ళని తొక్కనియ్యను."

ఆ మాట మీద మా ఆవిడ రింగు చేతిలోకి తీసుకుంది. మిగిలిన సగం కోర్టులో, కేకలు విని వచ్చిన ఆడవాళ్ళు ఇటూ అటూ సర్దుకుని ఆడి చూపించారు. రింగు కాయల్లో పడిన ప్రతిసారీ బాబాయి పంచె ఎగ్గట్టి, కొంగలా అడుగు తీసి అడుగు వేస్తూ తెచ్చిచ్చాడు. మేడమ్ కాసేపు చూసి, చెప్పులు విప్పేసి పాస్టరమ్మ గారి పక్కన నిలబడింది. ఆమె కూడా బళ్ళో ఆడిందట. ఆ రింగు పట్టుకున్న చేత్తో కన్ను నులుముకున్నాక ఆట ఆపి, చల్లనీళ్ళ బిందె తెప్పించాల్సి వచ్చింది.

వానలు మొదలయ్యేలోగా మా స్థలం ముందు విడతలోకి ఎక్కింది. వార్డు ఆఫీసు గోడ మీద అంటించిన పటం చూశాను. నడక దారి, మొక్కలు, కోర్టు, దీపాలు, తూర్పు వైపు సిమెంటు చేసిన ఖాళీ జాగా. దాని మీద "మిర్చి కల్లం (కోతల కాలంలో)" అని ఉంది. అద్దె వసూలు చేసి మొక్కలకూ దీపాలకూ ఖర్చు పెట్టే కమిటీకి మా ఆవిడ పెద్ద. నాకు అందులో చోటివ్వలేదు.

ఈ మధ్యే దీపాలు వెలిగాయి. పక్క వార్డు జట్టు పందెం కట్టి వచ్చింది. తూర్పు వైపు బాబాయి కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. చిన్నగా గాలి వాళ్ళ వైపు మళ్ళింది. వాళ్ళు వరసగా తుమ్మడం మొదలుపెట్టారు, మా వాళ్ళు వరసగా పాయింట్లు కొట్టారు. ఒక తుమ్ముకి నెట్టు ఊగడం నేను కళ్ళారా చూశాను.

"వాళ్ళు ఇద్దరే తుమ్మారు" అంది మా ఆవిడ ఇంటికి వస్తూ, రింగును గాజులా చేతికి వేసుకుని తిప్పుకుంటూ. "మిగతాది మేం ఆడి గెలిచాం. అది కూడా రాయండి."

రాశాను.