బావ తెచ్చిన బండి

మొన్న పొద్దున బండి స్టార్ట్ చేస్తే ఇంజను ఎడమవైపు నుంచి గలగలమని చప్పుడు, డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు. పాత వంద సీసీ బండి, నాతోపాటే ముసలిదైంది, ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుందిలే అని ఇన్నాళ్లు పట్టించుకోలేదు. ఈసారి గోదావరిఖని చౌరస్తా వెనక సందులో ఉండే మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన తొందరపడి ఏదీ విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. లోపల చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ మార్చి మళ్లీ విన్నాడు. చప్పుడు తగ్గలేదు. టైమింగ్ చైను సాగిపోయిందని, ఇట్లాగే నడిపితే ఏదో ఒకరోజు పళ్లు జారి ఇంజనే పోతుందని తేల్చాడు. సరే, మార్చెయ్యి అన్నాను.

"సాయంత్రం అయితది కాకా. ఎండల ఎందుకు కూసుంటరు, ఇంటికి పోండ్రి. బండి నేనే తెచ్చి అప్పజెప్త" అన్నాడు.

మామూలు మాటే. కానీ బావి పనివాళ్ల ఇళ్లల్లో కాదు. బొగ్గుబావిలో చేసినవాడి బండి వాడే ఇంటికి తెచ్చుకోవాలి. డ్యూటీకి పోయిన మనిషి బండిని వేరేవాడు తెచ్చి వాకిట్లో పెట్టాడంటే, ఇక ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు, ఏడుపే. మా క్వార్టర్ల లైన్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

తెలియనిది మా బావకే. మా ఆవిడకు అన్న. మందమర్రిలో ఆఫీసు కుర్చీ ఉద్యోగం, ఏనాడూ బావి దిగినవాడు కాదు. ఒక వానాకాలం నాతో కలిసి ఇంటికి వద్దామని నేరుగా బావి దగ్గరికే వచ్చాడు. నా తర్వాత దిగాల్సినవాడు రాలేదు, రెండో షిఫ్టు కూడా ఉండిపోతున్నానని కిందనుంచి కబురు పంపాను. బావ మహా జాగ్రత్తపరుడు. బండి వానకు తడిసి పాడవుతుందని, స్టాండు మనిషి దగ్గర తాళం అడిగి తీసుకుని, తోలుకుంటూ ఇంటికి పోయాడు.

బండి చప్పుడు విని మా ఆవిడ అన్నం వడ్డించి తలుపు తీసింది. నా బండి మీద తడిసి ముద్దయి వాళ్లన్న. గడపలోనే కూలబడిపోయింది. మంచిగున్నడు చెల్లె, మంచిగున్నడు అని పాపం ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడట. చావు కబురు తెచ్చేవాళ్లంతా ముందు ఆ మాటే అంటారు, ఎట్లా నమ్ముతుంది! ఆ వానలోనే నడుచుకుంటూ బావికి వచ్చింది. మేం పైకి వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది. అందరివీ నల్లటి మొహాలే, అయినా తడుముకోకుండా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇగ ఈ బండి నువ్వు తప్ప ఎవ్వలు ఇంటికి తేవద్దు. బావి కాడ తుప్పు వట్టి పోయినా సరే" అంది.

అప్పటినుంచి బావ ఎప్పుడొచ్చినా సందు మొదట్లోనే బస్సుల వచ్చిన చెల్లె, బస్సుల వచ్చిన అని అరుస్తూ వచ్చేవాడు. నేను బండి ఎవరికీ ఇవ్వలేదు. రిటైరయ్యాక కూడా, రిపేరు పూర్తయ్యేదాకా భాయ్ షాపులో పాత టైరు మీద కూర్చునే ఉండేవాణ్ణి. బండి నువ్వే తెచ్చినవా అని ఆమె లోపలినుంచి అడిగేది. ఆమె పోయి రెండేళ్లయింది. అలవాటు మాత్రం పోలేదు.

ఆ రోజు కూడా టైరు మీద కూర్చోబోయి ఆగాను. ఎవరి కోసం? తాళం చెవి భాయ్ చేతిలో పెట్టి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

పొద్దుగూకే వేళకు వాకిట్లో హారన్ వినిపించింది. కొత్త చైను కదా, బండి వచ్చిన చప్పుడే లేదు. తలుపు తీస్తే నా బండి మీద వేరే మనిషి. లోపలినుంచి ఎవరూ పరుగెత్తుకు రాలేదు. చైను మంచిగ కూసుంది కాకా, ఫికర్ లేదిగ అని భాయ్ తాళం ఇచ్చి వెళ్లిపోయాడు. నేనొక్కణ్ణే గడపలో కూర్చున్నాను. నా కోసం భయపడే మనిషిని కాలం తీసుకుపోయింది. ఆ భయం లేని ఇంట్లో బతకడం నాకింకా చేతకావడం లేదు.