సిరిసిల్ల షెడ్డులో అన్న

కోరుట్లలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఆడపిల్ల లావణ్య ఒక్కతే. బస్టాండు వెనుక సందులో చిన్న స్టూడియో పెట్టుకుంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు బతుకుతెరువు కోసం. ముహూర్తాలు లేని రోజుల్లో కెమెరా భుజాన వేసుకుని తనకు ఇష్టమైన పని మీద తిరిగేది. కూలగొట్టబోయే పాత ఇళ్ల చెక్క దర్వాజాలు, జగిత్యాల కోట పక్కన క్రికెట్ ఆడే పిల్లలు, గడపల ముందు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు, మార్కెట్ యార్డులో వడ్లకుప్పల పక్కనే కునుకు తీసే రైతులు. ఫేస్‌బుక్‌లో పెడితే దుబాయిలో, కువైట్‌లో ఉన్నవాళ్లు చూసి "మా గల్లీ గిట్లయిందా" అని రాసేవారు.

ఇంట్లో తల్లి లింగవ్వ, వదిన రచన, మేనకోడలు ఐదేళ్ల నవ్య ఉండేవారు. అన్న దేవదాస్ మస్కట్ పోయి రెండేళ్లు దాటింది. తండ్రి పోయాక మేస్త్రీ పని చేసి చెల్లెను చదివించింది, మొదటి కెమెరా కొనిచ్చింది అతనే. అక్కడ వీడియో కాల్ నడవదని వారానికి నాలుగుసార్లు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపేవాడు. నెలనెలా పైసలు వచ్చేవి. ఇంకేం కావాలి అనుకునేవారు ఇంట్లో.

జగిత్యాలలో ఓ హాలులో లావణ్య ఫొటోలు ప్రదర్శనకు పెడతామని కొందరు ముందుకొచ్చారు. జగిత్యాల, కోరుట్ల బొమ్మలు కావలసినన్ని ఉన్నాయి. సిరిసిల్లవే తక్కువ. అందుకని ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి అక్కడి మరమగ్గాల షెడ్డుకు పోయింది. యజమాని రమేశ్ మంచివాడు. "పని ఆపకుంట తీసుకో అమ్మా" అని లోపలికి పంపాడు.

లోపల మగ్గాల చప్పుడుకు చెవులు గింగురుమన్నాయి. పక్కమనిషి మాట కూడా వినబడదు. పత్తి నూగు గాలిలో తేలుతూ అందరి తలల మీద, కనుబొమల మీద తెల్లగా పడుతోంది. ఒక మగ్గం దగ్గర ఒకతను తెగిన పోగు ముడేస్తున్నాడు. కిటికీ వెలుతురు చేతుల మీద చక్కగా పడింది. లావణ్య ఆ చేతుల మీదే చూపు నిలిపింది. సరిగ్గా నొక్కబోయేసరికి అతను తలెత్తాడు.

దేవదాస్.

వేలు నొక్కేసింది. కళ్లు చూసిందేమిటో మనసుకు అందకముందే ఫొటో పడిపోయింది. లావణ్య కెమెరా దించి చూసింది. మళ్లీ ఎత్తి చూసింది, అద్దంలోంచి చూస్తే వేరే మనిషిగా మారతాడేమో అన్నట్టు. మారలేదు. రాత్రే కదా "ఈడ శానా ఎండ ఉన్నది, పైలం" అని గొంతు పంపాడు. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. అన్న ఆమెనే ఒక్క క్షణం చూసి, తల వంచుకుని పోగు ముడేయడం పూర్తి చేశాడు. మగ్గం నడిపించి, పక్కవాడికి సైగ చేసి, బయటికి నడిచాడు.

చాయ్ బండి దగ్గర అతను రెండు చాయ్‌లు చెప్పి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎప్పుడచ్చినవ్?" అంది లావణ్య.

"నేను మస్కట్ పోయిన ఏడు నెలలకే. కంపెనీ మూసిండ్రు. అందరితోని నన్ను సుత పంపిండ్రు."

"మరి ఇంటికెందుకు రాలే?"

"కరీంనగర్ దాక అచ్చిన చెల్లె. కోరుట్ల బస్సు ముంగటనే నిలవడ్డ. కాలు లేవలే. నేను పోయెటప్పుడు చర్చిల అందరు నిలవడి ప్రార్థన చేసిరి. అవ్వ గల్లీ మొత్తం చెప్పుకునె. ఏం మొకం పెట్టుకొని దిగాలె? పక్కకు సిరిసిల్ల బస్సుంటె ఎక్కిన. నాలుగు నెలలు పని చేసుకొని పోదామనుకున్న. గట్లనే అయిపోయింది."

"ఆ నంబరు?"

"మస్కట్‌దే. వాట్సాప్‌ల మార్చలే, గట్లనే నడుస్తున్నది."

అతనే మళ్లీ అన్నాడు. "పోయినేడు బతుకమ్మల కాడ నిన్ను చూసిన. నా దిక్కే కెమెరా పెట్టినవ్. వెనుకకు తిరిగి ఉరికిన."

ఆమె ఫోను తీసి తన పేజీలో వెతికింది. సిరిసిల్ల బతుకమ్మ, పూల మీద పడ్డ సాయంత్రపు ఎండ. ఒక మూలన, ఆడవాళ్ల గుంపు వెనుక, వీపు చూపించి వెళుతున్న మనిషి. అన్న భుజాలు అవి. తీసినప్పుడే కాదు, పేజీలో పెట్టేటప్పుడూ చూసింది, గుర్తుపట్టలేదు. వదిన కూడా చూసి లైకు కొట్టింది. లావణ్య ఫోను బోర్లా పెట్టింది.

"అవ్వకు చెప్పకే" అన్నాడు దేవదాస్.

ఆమె మాటివ్వలేదు.

ఇంటికి వచ్చేసరికి రచన ఒక్కతే గడప దగ్గర బీడీలు చుడుతోంది. లావణ్య కెమెరా తెర వెలిగించి ముందు పెట్టింది. రచన వంగి చూసింది. ఒళ్లోని చేట జారి ఆకులన్నీ కింద పడ్డాయి. ఏరుకోలేదు.

"ఇదెక్కడ?"

"సిరిసిల్ల వదినె. ఇయ్యాలటిది."

రచన ఏడవలేదు. తన ఫోను తీసి చూపించింది. తెర మీద మస్కట్‌లో ఆ రోజు ఎండ ఎన్ని డిగ్రీలో ఉంది.

"రోజు పొద్దున లేవంగనే గిదే చూసేదాన్ని" అంది. "ఎండ తక్కువున్న రోజు నాకు బువ్వ దిగేది."

తెల్లారి రచన నవ్యను తీసుకుని సిరిసిల్ల బయలుదేరింది. లావణ్య కూడా పోయింది, కెమెరా లేకుండా. షెడ్డు లోపలికి రమ్మంటే రచన రాలేదు. మెట్టు మీద కూర్చుంది. దేవదాస్ నూగు దులుపుకుంటూ బయటికి వచ్చి, భార్యను చూసి అక్కడే నిలిచిపోయాడు. నవ్య తల్లి కొంగు పట్టుకుని అతణ్ని ఎగాదిగా చూసింది. ఆ పిల్లకు నాన్న అంటే ఫోనులో గొంతు.

"అమ్మా, మస్కట్ గిదేనా?" అంది.

దేవదాస్ అక్కడే చతికిలబడ్డాడు. రచన అప్పుడు ఏడ్చింది. వచ్చే పోయే పనివాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా, అతని చొక్కా రెండు చేతులతో పట్టి గుంజుతూ ఏడ్చింది. "ఇంత దగ్గర ఉండి" అని తప్ప వేరే మాట రాలేదు.

ఆదివారం అతను ఇంటికి వచ్చాడు. లింగవ్వకు ముందే చెప్పారు. నమ్మలేదు. కొడుకు గడప దాటేదాకా నమ్మలేదు. దగ్గరికొచ్చి ముఖం తడిమింది, జుట్టులో ఇరుక్కున్న దారప్పోగు తీసి చూసింది. లోపలికి పోయి తలుపేసుకుంది. ప్రార్థనకు రమ్మని పిలవడానికి వచ్చిన వాళ్లు దేవదాస్‌ను చూసి గడప బయటే ఆగి, "ఎప్పుడచ్చినవ్ కొడుకా" అని వెళ్లిపోయారు.

అతను సిరిసిల్ల పని మానలేదు. ఇప్పుడు వారానికోసారి బస్సులో ఇంటికి వస్తాడు. ఆ మొదటి ఆదివారం సాయంత్రం మాత్రం బస్సు వేళయ్యేదాకా లింగవ్వ తలుపు తీయలేదు. అతను చెప్పులేసుకుంటుంటే గొళ్లెం చప్పుడైంది. చేతిలో టిఫిను డబ్బా పెట్టి, కొడుకు ముఖం వైపు చూడకుండానే అంది.

"మల్లా ఆదివారం రాకపోతే నేనే అస్త."