నిర్మల్ రంగులు పూసుకున్న ఆస్ట్రేలియా కారు

సముద్రాలు దాటి ఓడ మీద పదిలంగా వచ్చిన కారును, స్టీరింగు కూడా ముట్టుకోకుండా వారం రోజుల్లో నాశనం చేసిన మనిషిని నేను. ఈ మాట మా మనవలకు చెబితే నమ్మరు. మీరు నమ్మితే నమ్మండి, నవ్వితే నవ్వండి. సాక్ష్యం కావాలంటే మాత్రం ఆస్ట్రేలియా దాకా పోవాల్సి ఉంటుంది. ఎందుకో చివర చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను లక్సెట్టిపేటలో నర్సింగరావు దొర దగ్గర గుమాస్తాను. జైనూరు అడవుల నుంచి కలప దింపించి మంచిర్యాలలో రైలెక్కించడం దొర వ్యాపారం. ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియా వాళ్లు తమ దేశంలో తయారైన కార్లను బయటి దేశాలకు పంపడం మొదలుపెట్టారు. అక్కడ కూడా మన జైనూరు బాటల్లాగే గుంతలూ దుమ్మూనట, అందుకని బండిని ఎత్తుగా, గట్టిగా కడతారట. దొర బొంబాయిలో ఈ సంగతి విని, పర్మిట్ కోసం ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, నమూనాకు ఒక్క కారు తెప్పించాడు. కంపెనీ మనిషి స్వయంగా వచ్చి కారు మన బాటల మీద ఎలా నడుస్తుందో చూస్తాడు. నచ్చితే ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు దొరే ఏజెంటు. ఏజెన్సీ వస్తే షోరూముకు మేనేజరును నేనే అని దొర మాట ఇచ్చాడు. నేను ఆ రోజు నుంచే బజారులో మేనేజరులా నడవడం మొదలుపెట్టాను.

కారు మంచిర్యాల స్టేషనులో దిగింది. కంపెనీ మనిషిని వెంటబెట్టుకు రావడానికి దొర బొంబాయి వెళ్తూ, "గంగాధరా, మేమొచ్చే యాళ్లకు బండి తయారుండాలె. అన్ని నువ్వే జూస్కో" అని నాకు అప్పగించి పోయాడు. నాకు ఇంగ్లీషు వచ్చని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది నేనే. నేను చదివింది ఉర్దూ మెట్రిక్. కారులో ఒక కాగితాల కట్ట దొరికితే, పైపేజీ మీద చూపు తిప్పి, అంతా అర్థమైనట్టు తలాడించి, ముందు సీటు ఎదురుగా ఉండే అరలో పెట్టేశాను. దొర జీపు నడిపే ఖాజా మియా ఏం రాసిందని అడిగాడు. గ్యారంటీ సంగతులని చెప్పాను.

ఇక కారు సంగతి. నేను తళతళ మెరుస్తుందనుకున్నాను. తీరా చూస్తే ఒళ్లంతా మట్టిరంగు పసుపు పూత. కింద ఏ రంగుందో తెలియనంత మందంగా ఉంది, వేలు పెడితే అంటుకుంటోంది. ఖాజా మియా పరేషానయ్యాడు. నేను మాత్రం చిరునవ్వు నవ్వాను. ఎందుకంటే నేను నిర్మల్ వాణ్ని. మా బాపు బొమ్మలు చేస్తాడు. మా ఇంట్లో దూరం ఊరికి పోయే బొమ్మకు అసలు రంగు వేసేవాళ్లు కాదు, బండి కుదుపులకు గీసుకుపోతుందని. అడుగుపూత పూసి పంపితే, చేరిన చోట బాపో, చిన్నాయనో వెళ్లి రంగులు వేసి వచ్చేవాళ్లు. నా కళ్లతో నేను చూసిన పద్ధతి అది. ఊరు దాటే చెక్కబొమ్మకే అంత జాగ్రత్త తీసుకుంటే, సముద్రం దాటే కారుకు తీసుకోరా? కంపెనీ వాళ్లు అడుగుపూతతో పంపారు, రంగులు ఏ దేశం వాళ్లు ఆ దేశం పద్ధతిలో వేసుకోవాలి. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ సాయంత్రమే బాపుకు కబురు పెట్టాను.

బాపు కుంచెల మూటతో వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, పూతను వేలితో రాసి, వాసన చూశాడు.

"గిది పూత గాదు కొడుకా, జిడ్డు. దీని మీద రంగు నిలువది. గ్యాసునూనెతోని తుడుద్దాం."

నేను వద్దనేలోపే కిరోసిన్ గుడ్డతో వెనక తలుపు ఒకటి శుభ్రంగా తుడిచేశాడు. లోపల లేత నీలం రంగు నిగనిగా మెరిసింది. ఇప్పుడు మీరైతే ఏమనుకుంటారు? కారు అసలు రంగు అది అనుకుంటారు. నేను మేనేజరును కదా, అలా అనుకోలేదు.

"ఏం జేసినవ్ బాపూ! కంపిని పూత గీకేసి లోపలి అస్తరు బయటికి దీస్తివి."

"అస్తరు గింత నునుపుంటదారా? అద్దం లెక్కున్నది."

"నీకు చెక్క సంగతి ఎరుక. ఇనుము సంగతి నాకు ఇడిసిపెట్టు."

మా బాపు నలభై ఏళ్లు రంగులతో బతికిన మనిషి. ఆయనకు నేను రంగు గురించి పాఠం చెప్పాను. ఈ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన ఒక్కసారి నా ముఖం చూసి, గుడ్డ పక్కన పెట్టి, కుంచె అందుకున్నాడు.

నాలుగు రోజులు కలప డిపో షెడ్డులో పని సాగింది. కారు ముందు భాగమంతా నెమళ్లు, పక్కల చిలుకలు, చక్రాల పైన బంగారు రంగు తీగలు. తుడిచిన ఆ తలుపు మీద జింకల జంట. చూసినవాళ్లు దండం పెట్టడం ఒక్కటే తక్కువ.

చెప్పిన రోజున చల్లని పొద్దునే కారుతో మంచిర్యాల స్టేషనుకు వెళ్లి చెట్టు నీడన ఆపాం. రైలు దిగిన దొర కారును చూసి నిలబడిపోయాడు. ఆయన నన్ను తిట్టేలోపే, వెంట దిగిన కంపెనీ దొర చప్పట్లు కొట్టి, చుట్టూ తిరిగి చూసి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అప్పుడు మా దొర నా చెవిలో, "మంచి పని జేసినవ్‌రా" అన్నాడు. నా మేనేజరుగిరీ ఆ ఒక్క పూటే. దాన్ని నేను నిండుగా అనుభవించాను.

మే నెల, మిట్టమధ్యాహ్నం. మన ఎండ సంగతి మీకు చెప్పేదేముంది? కంపెనీ దొర తెల్ల చొక్కాతో ముందు సీట్లో కూర్చుని మోచెయ్యి బయట పెట్టాడు. మా దొరా నేనూ వెనక ఎక్కాం. ఖాజా మియా బండి తీశాడు. నాలుగైదు మైళ్లు పోయాక ముందు నెమలి మెడ సాగింది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. నెమలి మెల్లగా దీపాల వైపు జారుతోంది. పూత కరుగుతోంది, దాని మీది రంగులు పొరలు పొరలుగా దిగుతున్నాయి. ఖాజా మియా అద్దంలోంచి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి గోదావరి వైపు చూశాను.

లక్సెట్టిపేటలో బజారంతా పూలదండలతో నిలబడింది. కారు ఆగింది. ఒంటి మీద పిట్ట అన్నది లేదు, పసుపు జిడ్డులో ఎరుపూ ఆకుపచ్చా కలిసి కారుతున్నాయి. కంపెనీ దొర దిగితే చొక్కా చేతికి చిలుక తోక అంటుకుని ఉంది. ఆయన ఆ జిడ్డును వేలితో తీసి చూసి, అరలోంచి నేను దాచిన కాగితాల కట్ట తీశాడు. మొదటి పేజీ మా దొరకు చూపించాడు. దొర చదివి అక్కడికక్కడే తెలుగులో చెప్పాడు. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా మైనం పూశారట, కారు అందగానే కిరోసిన్‌తో తుడిచేయాలట.

"ఎవడ్రా దీన్ని తుడువకుంటనే రంగులేపిచ్చింది?" అన్నాడు మా దొర.

నేను కారు వెనక్కి జరిగాను. మంచి ధోవతి కట్టుకుని జనంలో నిలబడ్డ బాపు ముందుకు వచ్చాడు.

"తప్పు నాది దొరా. జిడ్డని ఎరికుండి గూడ రంగేసిన. పిలగాని మీద కోపం జెయ్యకుండ్రి."

అది విన్నాక నేను ఆగలేకపోయాను. తుడుద్దామన్నది బాపు అనీ, వద్దన్నది నేననీ, నాకు ఇంగ్లీషు రాదనీ అందరి ముందూ కక్కేశాను. మేనేజరు పని అక్కడే పోయింది. అయినా ఆ రోజు నాకు గుండె తేలికైంది.

అప్పుడు కంపెనీ దొర, "ఇటు చూడండి" అన్నట్టు చెయ్యి ఊపాడు. బాపు తుడిచిన వెనక తలుపు దగ్గర ఉన్నాడాయన. జింకల జంట చెక్కుచెదరలేదు. గోటితో గీకాడు, రాలేదు. బాపును పిలిచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. మిగతా కారంతా కిరోసిన్‌తో నేనే తుడిచాను. కంపెనీ దొర మూడు రోజులు జైనూరు బాటల మీద తిరిగి, వెళ్లేముందు ఆ తలుపు ఊడదీయించి వెంట తీసుకుపోయాడు.

మూడు నెలలకు కొత్త తలుపు వచ్చింది, ఒక ఉత్తరం కూడా. కారు బాగానే నడిచిందట గానీ, సర్కారు కొత్త పర్మిట్లు ఆపేసినందువల్ల ఏజెన్సీ లేదట. జింకల తలుపును మాత్రం తమ ఆఫీసు గోడకు తగిలించారట. అలా ఆస్ట్రేలియా వాళ్లు మాకు కార్లు అమ్మలేకపోయారు గానీ, మా బాపు ఆస్ట్రేలియాకు కారు తలుపు ఎగుమతి చేశాడు.

కొత్త తలుపు మీద మళ్లీ అదే పసుపు పూత. దొర కిరోసిన్ సీసా నా చేతిలో పెట్టాడు. ఆ సీసా పట్టుకుని, తలుపు చూడవచ్చిన జనం సాక్షిగా ప్రమాణం చేశాను: ఏ దేశం నుంచి ఏ సరుకు వచ్చినా, కాగితం పూర్తిగా చదివించుకుని, మా బాపును అడిగి గానీ మూత కూడా తీయను. ఇప్పుడు బాపు లేడు. అందుకే మా కోడలు పోయిన నెల తెచ్చిన మిక్సీ ఇంకా డబ్బాలోనే ఉంది.