మెల్లగా దిగిన పాప ఫొటో

అస్సాంలో ఉన్న మా అక్కకు పోయిన వారం కూతురు పుట్టింది. బావ ఈమెయిల్లో పంపిన ఫొటో చూపిద్దామని ఈ రోజు అవ్వను కోవిల్‌పట్టి బ్రౌజింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఫొటో రెండు ఎంబీలు. గోడ మీద 256 కేబీపీఎస్ అని ఉంటే, ఎనిమిది సెకన్లలో వచ్చేస్తుందని అవ్వకు చెప్పాను.

రాలేదు. అప్పుడు వెలిగింది: గోడ మీద వేగం బిట్లలో, ఫొటో సైజు బైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తేనే ఒక బైటు. అంటే సెకనుకు ముప్పై రెండు కిలోబైట్లే. నిమిషం పైనే పడుతుంది.

తెర మీద ముందు నల్లటి జుట్టు దిగింది, తర్వాత నుదురు. కనుబొమలు వచ్చేసరికి అవ్వ, "మీ తాత మాదిరే ఉండాదే" అంది గుసగుసగా.

"లేటవుతోంది అవ్వా, వేరే సిస్టమ్‌లో చూద్దామా?"

"వద్దమ్మణ్ణీ, మెల్లంగానే రానీ. బిడ్డ ఇప్పుడే పుడతా ఉండే మాదిరి ఉండాది."

మూసిన కళ్లు, ముక్కు, చిన్న పెదవులు ఒక్కొక్కటే దిగాయి. ఫ్యాను గాలికి అవ్వ నెరిసిన జుట్టు ఊగుతోంది కానీ ఆమె మాత్రం కదల్లేదు. గడ్డం కూడా వచ్చేశాక, "అయిపాయెనా?" అని దిగులుగా అడిగింది.

ఇంటర్నెట్ ఇంకాస్త నెమ్మదిగా ఉంటే బాగుండునని మొదటిసారి అనుకున్నాను. మీకెప్పుడైనా అలా అనిపించిందా?