ఎండాకాలంలో శాలువా

మా ముత్తాత బీదర్ అవతల పన్నెండు ఊళ్ళకు పాటిల్. మా తాత అదే గద్దె మీద కూర్చుని పశువుల తగాదాలు తీర్చినవాడు. అధికారం పోయి, పొలాలు దాయాదుల పాలయ్యాక ఆయన ఎడ్లబండి మీద జహీరాబాద్ చేరాడు. ఇక్కడ మా నాన్నకు గద్దె లేదు గానీ రెండు భాషలు వచ్చు. సంతలో ఎడ్ల బేరం చెడితే కన్నడం మాట్లాడేవాడూ తెలుగు మాట్లాడేవాడూ కలిసి మా అరుగు మీదికే వచ్చేవారు. తీర్పు చెప్పాక నాన్న తన చేత్తో సాసర్లలో చాయ్ పోసి ఇద్దరికీ ఇచ్చేవాడు. ఆ చాయ్ తాగినవాడు మళ్ళీ ఆ తగాదా ఎత్తకూడదు.

పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో ఆ చెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు ఝరాసంగం రైతు ధోవతి మీద చాయ్ ఒలికింది. అరుగు మీదున్న బట్టల సేటు గట్టిగా నవ్వాడు.

"పాటిల్ సాబ్, పొద్దుగాలనే ఎక్కిచ్చిన్రా? జర ఎండ పోయినంక తాగున్రి!"

అందరూ నవ్వారు. మా వంశంలో కల్లు ముట్టినవాడు లేడు. ఆ మాట కూడా నాన్న చెప్పలేదు, సంజాయిషీ ఇవ్వడం మా ఇంట్లో లేదు గనుక. పైగా అమ్మ ఆయన చేతిని శాలువా కింద దాచింది. మండే ఎండలో శాలువా కప్పుకుని బజారుకు వచ్చే మనిషిని చూస్తే ఊరికి ఏమనిపిస్తుంది? లోపల సీసా ఉందని నమ్మేశారు. సేటు తన దుకాణంలో గుడ్డ చింపుతూ వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు: "అవుతలకెంచి వచ్చినోళ్ళు, ఏం తాగుతరో ఏమో. గసొంటి రోగాలు మన దిక్కు లెవ్వు." ఏడాది తిరిగేసరికి మా అరుగు ఖాళీ అయింది.

నాన్నను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ ఆయనను నడిపించాడు, పేరు రాయించాడు. అక్షరాలు పోనుపోను చీమలంత అయ్యాయి.

"ఇది నరాల జబ్బు. తాగుడుతో సంబంధం లేదు, ఏ ఊరి నుంచి వచ్చారన్నదానితోనూ లేదు. పూర్తిగా పోదు. గోళీలు మానకూడదు" అన్నాడు.

తిరుగు బస్సులో, ఈ మాట బజారులో చెబుతానన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"నా రోగం నేను చాటుకోవాల్నా? అన్నోడే వచ్చి కాదనాలె."

సేటు నోట ఆ ఒక్క మాట కోసం నేను ఏళ్ళ తరబడి కాచుకున్నాను. ఆ దుకాణంలో గుడ్డ పేలిక కూడా కొనలేదు.

ఎనభైలలో ఒకనాడు సేటు చేతిలో గజం కడ్డీ అదరడం చూశాను. నాకు కలిగిన సంతోషాన్ని దాచను. కొన్నాళ్ళకు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది.

"బిడ్డా, మీ బాపుకు సూసిన డాక్టర్ ఎవలో జర చెప్పు."

"సేటునే రమ్మనున్రి పెద్దమ్మా. సంత దినం, మా అరుగు మీదికి."

వచ్చాడు. ఎడ్లు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు చుట్టూ చేరారు. నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను సాసర్ అంచుదాకా చాయ్ పోసి సేటు చేతికిచ్చాను. సగం ఆయన అంగీ మీదే పడింది.

"ఏం సేటూ, పొద్దుగాలనే ఎక్కిచ్చినవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తాగలే బిడ్డా. రోగం."

"మరి మా బాపుది?"

నేల చూశాడు. "ఆయనది గూడ రోగమే. నేనే అబద్ధం చెప్పిన."

"వినబడలే. గట్టిగ చెప్పు."

రెండోసారి చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించేవాణ్ణి గానీ, నాన్న నా చెయ్యి పట్టుకుని, "చాలు. డాక్టర్ పేరు రాసియ్యి" అన్నాడు. రాసిచ్చాను. ఆ మనిషి మెట్లు దిగుతూ తూలినప్పుడు నాకు జాలి కలగలేదు, ఈనాటికీ లేదు.

అందరూ నిజం విన్నారు. అయినా తగాదాలు మా అరుగుకు తిరిగి రాలేదు, అవి అప్పటికే వేరే అరుగులకు అలవాటు పడ్డాయి. నాన్న గోళీలు ఆపడానికి వీల్లేదు, వాటికి డబ్బు కావాలి. మరుసటి ఎండాకాలం కోహీర్ దారిలో తాత ఇక్కడికి వచ్చాక కొన్న ఒక్క జామతోటను, బావితో సహా అమ్మేశాం.