మంచు హోటల్లో మా ఆవిడతో పందెం

ఐసు గురించి నాకు పాఠం చెప్పడమేమిటండీ! కాకినాడ చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేసినవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేసినా, డిక్షనరీ పక్కన పెట్టుకుని కంప్రెసర్ పుస్తకం కూడబలుక్కుంటూ చదివి మెకానిక్కునయ్యాను. నీళ్లు గడ్డకట్టేటప్పుడు గొట్టంతో గాలి ఊదకపోతే దిమ్మ నడుమ తెల్లబడుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలాంటి నన్ను కెనడాలో, క్యూబెక్‌లో, మంచుతో కట్టిన హోటల్లో, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకావిడ పదిమందితో పాటు నిలబెట్టి, ఇది ఐసు, ఇది స్నో అని వేలు పెట్టి చూపించింది. కిటికీకి పెట్టిన దిమ్మలోంచి అవతలకి తొంగిచూశాను. ఒక్క బుడగ లేదు. పని తెలిసినవాళ్లే చేశారని ఒప్పుకోక తప్పలేదు.

మా యాభయ్యో పెళ్లిరోజుకి మనవరాలు ఇచ్చిన కానుక, ఈ హోటల్లో ఒక రాత్రి బస. మేముండే మిస్సిసాగాలో ఆదివారం చర్చి అయ్యాక అందరం కలిసి భోంచేస్తుంటే, "ఐసుతో కాపురం చేసినవాణ్ణి, ఒక్క రాత్రేముంది?" అని నేనన్నాను. మా ఆవిడ ఊరుకోదుగా.

"కాకినాడ ఎండలో కంప్రెసర్ పక్కన చెమటలు కక్కారు మీరు. సస్కటూన్‌లో మోకాళ్ల లోతు మంచులో నైట్ డ్యూటీకి నడిచిందాన్ని నేను."

నిజమే. నర్సు ఉద్యోగానికి నాకంటే రెండేళ్లు ముందే, ఒక్కతే ఈ దేశం వచ్చింది. అయినా అంతమందిలో అనాలా? అక్కడికక్కడే పందెం పడింది. తెల్లారేలోపు ఎవరు ముందు మంచు గది విడిచి, హోటల్‌కి ఎదురుగా ఉండే వెచ్చటి భవనంలో అడుగు పెడితే వాళ్లు ఓడినట్టు. వచ్చే ఆదివారం అందరి ముందూ లేచి నిలబడి, "నాకంటే ఎదుటివాళ్లే గట్టి" అని చెప్పాలి. ఈ నోటితో నేను ఓడానని ఎవరికీ చెప్పి ఎరగను. ఇప్పుడు కొత్తగా నేర్చుకోవాలా?

ఎర్ర టోపీ ఆవిడ చివరగా, "పడుకునే ముందు ఎక్కువ తాగకండి, టాయిలెట్లు ఎదుటి భవనంలోనే ఉన్నాయి" అంది. ఒళ్లు మండింది. పడుకునే ముందు చెంబెడు నీళ్లు తాగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆవిడ చూస్తుండగానే సీసా ఎత్తి గటగటా ఖాళీ చేశాను. మా ఆవిడ నవ్వింది.

ఐసు మంచం, దాని మీద చెక్క, చెక్క మీద పరుపు. చెరొక స్లీపింగ్ బ్యాగులో దూరి మెడదాకా జిప్పు లాక్కున్నాం. ఐసు కరగకుండా ఊకలో పూడ్చేవాళ్లం ఒకప్పుడు. ఇప్పుడు ఐసు నడుమ మమ్మల్ని పూడ్చారు. కనపడుతున్నవి రెండు ముక్కులే, వాటిలోంచి ఆవిరి. ఆవిడ ముక్కు చూసి నేను, నా ముక్కు చూసి ఆవిడ, కాసేపు చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

తర్వాత, తాగిన సీసాడు నీళ్లు నా నవ్వు ఆపేశాయి.

"ఏవండీ, నిద్ర పట్టిందా?"

"ఆఁ."

"నిద్రపోయేవాళ్లు ఆఁ అనరు."

"మరి నువ్వెందుకు మేలుకున్నావు?"

"మీరు నీళ్లు తాగుతుంటే చూసి నాకూ దాహమేసింది. ఫ్లాస్కులో టీ అంతా తాగేశా."

"నర్సువి కదే!"

"నవ్వించకండి బాబూ, నా వల్ల కాదు!"

ఎవరి బూట్లు ఎవరు తొడుక్కున్నామో తెలియదు. చేతులు పట్టుకుని, కిసకిసలాడుతూ, మంచు కరకరలాడుతుంటే వాకిలి దాటి పరిగెత్తాం. తలుపు లాగాను. వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. ఇద్దరం గడప ముందు ఆగిపోయాం.

"ముందు నువ్వు."

"అయ్యో, మొగుడి కంటే ముందు నడుస్తానా? మీరు పదండి."

"యాభయ్యేళ్లలో వెనక ఎప్పుడు నడిచావే? ఈ దేశానికే నాకంటే ముందొచ్చావు. ఈ గడపొక లెక్కా?"

"అందుకే. ఒక్కదాన్నే ముందు రావడం ఒకసారి చాలు."

కాలు మార్చి కాలు, ఇద్దరం అక్కడే గంతులేస్తున్నాం. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని ఒకేసారి దూకాం. రెండు లావుపాటి జాకెట్లు తలుపులో ఇరుక్కుపోయాయి. నవ్వుతూ తోసుకుని, ఊడిపడి, చెరొక టాయిలెట్‌లోకి పరుగు.

ఆదివారం భోజనాల దగ్గర ఎవరు ఓడారని అందరూ అడిగారు. ఇద్దరం ఒకేసారి లేచాం.

"ముందు మీరు," అంది మా ఆవిడ.

ఈసారి వాదించలేదు. "నాకంటే మా ఆవిడే గట్టి" అన్నాను. సరిగ్గా అప్పుడే ఎవరికో దగ్గొచ్చిందట. "వినపడలేదు అంకుల్, మళ్లీ చెప్పండి" అన్నారు. మళ్లీ చెప్పేదే లేదని కూర్చున్నాను.