మాటల్లేని బావకు చేరిన నీటి వంతు

మూడేళ్ల కిందట, మిరప పూతకొచ్చే రోజుల్లో, నన్ను నరసరావుపేట శాఖకు సీనియర్ క్షేత్ర అధికారిగా వేశారు. శాఖంటే నేనూ, ఒక ఫ్యానూ. సర్వీసు లెక్కన ఫ్యానే సీనియర్. రాజుపాలెం వైపు ఒక ఊరి ఎత్తిపోతల సంఘానికి మా కంపెనీ యాప్ చేసిచ్చింది. రైతు నీటి వంతు రాగానే ఫోన్ అతని పేరు పెట్టి పిలుస్తుంది. అరగంటలో వచ్చి తూము తెరవకపోతే వంతు పక్క చేనికి పోతుంది. ఈ నియమం ముందు రాజ్యాంగం కూడా కాస్త మెత్తన.

ఈ కబుర్లు మోసేది క్లౌడ్ సందేశ సేవ. మా సర్వర్ కబురు అప్పగిస్తే అది ఫోన్‌కు చేరుస్తుంది. చేర్చడానికి కావలసిన చిరునామా పేరు టోకెన్. యాప్ ఎక్కించిన ప్రతి ఫోన్‌కూ ఒకటి పుడుతుంది. ఎంత పొడవంటే, ఒకసారి పైకి చదవడం మొదలుపెట్టి మధ్యలో టిఫిన్ చేసొచ్చాను. ‘మోటారు చెడింది’ లాంటి ఊరుమ్మడి కబురుకు టాపిక్ అని ఉంటుంది. అందులో చేరిన ఫోన్లన్నీ ఒకేసారి మోగుతాయి. వంతు ఒక్కడిది కాబట్టి టోకెన్‌కే వెళ్లాలి. ఫోన్ ఆపేసి ఉంటే కబురు ఎంతసేపు కాచుకోవాలో మనమే చెప్పాలి. మేం అరగంట పెట్టాం. దాటిపోయిన వంతు కబురు ఎవరికి కావాలి?

ఒకరోజు యేసురత్నం అనే రైతు ఆఫీసులోకి వచ్చాడు.

“ఏంది సార్ మీ యాపు? ఒక వంతు పోయింది. రేపు పొద్దున ఇంకోటుంది, ఎన్నింటికో కరెంటును బట్టి. అదీ పోయిందంటే మూడెకరాల పూత రాలిద్ది.”

సర్వర్‌లో చూస్తే ‘చేరింది’ అని ఉంది. అదే చెప్పాను. “ఎవురికి చేరింది సార్?” అన్నాడు. ఇంతలో అతని జేబు గొంతెత్తింది: “ఆనందరావు గారూ, మీ వంతు మొదలైంది.” రత్నం తాపీగా నోరు నొక్కేశాడు, జేబుది.

“ఆనందరావెవరయ్యా?”

“మా బావ సార్. వారం నుంచి ఆయనయ్యే వస్తన్నయ్.”

“మరి ఆయనకు చెప్పలేదా?”

“మాకు మాటల్లేవు గదా సార్.”

నేనే ఫోన్ చేసి ఆనందరావును తూము దగ్గరికి పరిగెత్తించాను. ఆ తర్వాత రత్నం కబుర్ల సంగతి అడిగితే అవి ఆయన ఫోన్‌కే వస్తున్నాయని తేలింది. ఎందుకు చెప్పలేదంటే ఆయనదీ అదే జవాబు, అక్షరం పొల్లుపోకుండా.

జరిగింది ఇదీ. బావకు చర్చిలో పాటలకు స్పీకరు గట్టిగా ఉన్న ఫోన్ కావాలి, రత్నానికి చేనికాడికి మంచి టార్చి కావాలి. ఇద్దరూ సిమ్‌లు మాత్రం తీసుకుని ఫోన్లు మార్చుకున్నారు. మనిషి వివరాలన్నీ సిమ్‌లోనే ఉంటాయని పల్నాడు మొత్తానికీ గట్టి నమ్మకం. టోకెన్ మాత్రం ఫోన్‌లోని యాప్‌ది. అది సిమ్ వెంట పోదు. ఆ మర్నాడే గట్టు మీద తుమ్మచెట్టు కొట్టే దగ్గర తగువొచ్చి మాటలాగిపోయాయి.

యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే కొత్త టోకెన్ వస్తుంది. దాన్ని సర్వర్‌లో రాయించాలంటే మాత్రం హెడ్డాఫీసు ఆమోదానికి రెండు పనిదినాలు. వంతేమో మర్నాడే. రత్నం అక్క, అంటే ఆనందరావు భార్య, మరియమ్మ ఇంటికి వెళ్లి సంగతి విన్నవించాను.

“నాకొక్కముక్క చెప్పలేదేంది ఇద్దరూ! మీకు మాటల్లేకపోతే నాకున్నయ్ గదా!” అని మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

మర్నాడు ఆరింటికి ఆ ఫోన్, చర్చి పాటల స్పీకరుతో, రత్నం పేరు పలికింది. మరియమ్మ దానికంటే గట్టిగా, వీధికి అడ్డంపడి, “ఒరేయ్ రత్నం, నీ వంతంటరా, లెగు!” అంది. నిద్రపోతున్న మూడు వీధులు లేచాయి. నాలుగో వీధిలో ఉన్న రత్నం ఆఖర్న లేచాడు. పార పట్టుకుని పరిగెత్తి, అరగంట గడువుకు ఇంకా నాలుగు నిమిషాలుండగా తూము తెరిచాడు. పూత నిలిచింది.

సర్వర్‌లో ‘చేరింది’ అంటే ఫోన్‌కు చేరిందని మాత్రమే, మనిషికి చేరిందని కాదు. యాప్ తెరిచిన ప్రతిసారీ ఫోన్ ఎవరి చేతిలో ఉందో అడిగి, టోకెన్‌ను వెంటనే వాళ్ల పేరున సర్వర్‌లో రాసేలా ప్రోగ్రాం మార్పించాను. నివేదికలో ‘ప్రత్యామ్నాయ మార్గం’ అన్న గడిలో ‘మరియమ్మ’ అని నింపాను. హెడ్డాఫీసు దాని వెర్షన్ నెంబరు అడిగింది.